పక్కింటావిడ పంపే పుట్టినరోజు కార్డులు

అరోరాలో మేం అద్దెకున్న టౌన్‌హౌస్‌కీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అవతల ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. డెబ్బై అయిదు దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎలిమెంటరీ స్కూలు ఆఫీసులో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరైంది. మేం దిగిన మొదటి ఏడాదిన్నరలో ఆవిడతో నేను మాట్లాడింది చలి గురించి, చెత్తబండి వచ్చే రోజు గురించి మాత్రమే.

ఒక మార్చి నెల పొద్దున మా అమ్మాయిని స్కూల్ బస్సెక్కించి తిరిగొస్తుంటే ఆవిడ కారులో లైటు వెలుగుతూ కనిపించింది. తలుపు కొట్టాను, పలకలేదు. ఒక కాగితం మీద "మీ కారు లోపల లైటు వెలుగుతోంది, బ్యాటరీ అయిపోతుందేమో చూసుకోండి" అని ఇంగ్లీషులో రాసి, తలుపుకి అంటించి వచ్చేశాను. సాయంత్రం ఆవిడ ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. లైటు గురించి థాంక్స్ చెప్పటానికి వచ్చిందనుకున్నాను.

"ఇది రాసిందెవరు?" అని అడిగింది.

"నేనే."

"నీ చేత్తోనేనా?"

అవునన్నాను. ఒంగోలు కాన్వెంటులో మాకు అయిదో తరగతి దాకా నాలుగు గీతల కాపీ పుస్తకంలో కర్సివ్ రాయించేవాళ్ళు. అక్షరం గీత దాటితే సిస్టర్ స్కేలుతో వేళ్ళ మీద కొట్టేది. ఆ దెబ్బల వల్ల వచ్చిన దస్తూరీ అది. ఇన్నేళ్ళలో దాన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు, గమనించినవాళ్ళే లేరు.

ఆవిడ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూసి, "పొద్దున పూట నీకు ఓ గంట ఖాళీ ఉంటుందా? ఒక పని ఉంది," అంది.

ఖాళీకేం, బోలెడంత. ఒంగోల్లో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇక్కడికి హెచ్-ఫోర్ మీద, అంటే ఉద్యోగస్థుడి భార్యకిచ్చే వీసా మీద వచ్చాను కాబట్టి ఉద్యోగం చేసే వీల్లేదు. తొమ్మిదింటికి ఇల్లు సర్దటం అయిపోతే మధ్యాహ్నం మూడింటికి స్కూల్ బస్సు వచ్చేదాకా ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

మర్నాడు వెళ్ళాను. భోజనాల బల్ల మీద ఒక పొడుగాటి చెక్కపెట్టె ఉంది. లోపల అట్టముక్కలు నిలబెట్టి, సంవత్సరంలో ప్రతి తారీఖుకీ ఒక అర చేసుకుంది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదికి కూడా. ఒక్కో అరలో నాలుగైదు చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక బేస్‌బాల్ ఆటగాడి పేరు, చిరునామా. ఇప్పుడు ఆడుతున్నవాళ్ళున్నారు, ఎప్పుడో ఆడి మానేసిన ముసలివాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరికీ ఆవిడ ఏటా పుట్టినరోజు కార్డులు పంపుతుంది. ముప్పై ఏళ్ళ పైనుంచి పంపుతోంది.

"నా చెయ్యి చూడు," అని కుడిచెయ్యి బల్ల మీద చాపింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "కిందటేడు కార్డులు చిన్నపిల్లలు రాసినట్టున్నాయి. అవి చూసి వాళ్ళు నా గురించి దిగులుపడతారు. పుట్టినరోజు నాడు వాళ్ళకి ఆ దిగులెందుకు? నేను చెప్తాను, నువ్వు రాయి."

కార్డులో మూడే లైన్లు. మొదటి లైనులో పేరుతో శుభాకాంక్షలు. రెండో లైనులో ఈ ఏడు ఆరోగ్యంగా ఉండండి అని. మూడో లైనులో అతను ఆటలో చేసిన పని ఏదైనా ఒకటి. కింద ఆవిడ పేరు. సంతకం పంపమనిగానీ, ఫొటో పంపమనిగానీ ఎప్పుడూ అడగదు. కార్డు సరిగ్గా ఆ రోజే అందాలి. ముందు అందకూడదు, తర్వాత అందకూడదు. కాలిఫోర్నియాకి ఎన్ని రోజులు, పక్క ఊరికి ఎన్ని రోజులు అని ఆవిడకి ఒక లెక్క ఉంది. ఆ ప్రకారం పోస్టు చేసేది. రిటైరైనవాళ్ళ చిరునామాలు అచ్చు పుస్తకంలో దొరుకుతాయి. ఇప్పటివాళ్ళకి వాళ్ళ టీమ్ ఆఫీసుకి పంపితే చాలు. చనిపోయినవాళ్ళ చీటీలు మాత్రం పారెయ్యదు. మూల మీద పెన్సిల్‌తో చిన్న అడ్డగీత గీసి అదే అరలో ఉంచుతుంది. ఆ తారీఖు వచ్చినప్పుడు ఆ పేరు పైకి ఒకసారి చదివి, చీటీ మళ్ళీ లోపల పెట్టేస్తుంది. అంతే.

ఎందుకు మొదలుపెట్టారని మూడో రోజో నాలుగో రోజో అడిగాను.

"ఒక వేసవిలో రేడియోలో ఆట వింటున్నాను," అంది. "ఒక కుర్రాడు సులువైన బంతి వదిలేశాడు. ఆట పోయింది. జనం అరుస్తున్నారు. అప్పుడు రేడియోలో మాట్లాడే ఆయన, ఇవాళ ఆ అబ్బాయి పుట్టినరోజు కూడా, అన్నాడు. మా స్కూల్లో పిల్లల పుట్టినరోజులన్నీ నా రిజిస్టర్‌లో ఉండేవి. ఎవరిదొచ్చినా నేనే కార్డు రాసిచ్చేదాన్ని. చెయ్యి ఊరుకోక అతనికీ ఒకటి రాశాను. తర్వాత ఇంకొకరికి రాశాను."

మా ఇంట్లో అందరూ క్రికెట్ చూసేవాళ్ళే. బేస్‌బాల్ నాకు బొత్తిగా తెలియదు. మూడో లైను కోసం ఆవిడ చెప్పేవి రాస్తూ రాస్తూ ఆ ఆట నేర్చుకున్నాను. చిటికెన వేలు విరిగినా చెప్పకుండా ఆట అయ్యేదాకా వికెట్ కీపర్‌లా గొంతుకూర్చుని బంతులు పట్టిన క్యాచర్ ఒకడు. మొదటిసారి బ్యాటు పట్టుకున్నప్పుడే బంతిని కంచె దాటించి, మళ్ళీ జన్మలో దాటించలేకపోయినవాడు ఒకడు. పెద్ద లీగులో ఒక్క సాయంత్రం మాత్రమే ఆడినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆవిడకి వాళ్ళంటేనే ఎక్కువ ఇష్టమని నాకు నెమ్మదిగా అర్థమైంది. పేరున్నవాళ్ళకి అందరూ రాస్తారు కదా అనేది.

మా ఆయనది వరంగల్ వైపు. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఉద్యోగం. విషయం చెప్తే కాసేపు ఆలోచించాడు.

"మంచిగనే ఉంది గానీ, పైసలు మాత్రం తీసుకోకు. హెచ్-ఫోర్ మీద ఉన్నవ్. రేపు వీసాకి ప్రాబ్లం అయితది."

"ఇస్తానంది. వద్దన్నాను."

"మరి ఊకెనే రాస్తవా?"

"డ్రైవింగ్ నేర్పిస్తానంది."

దానికి అతను వెంటనే ఒప్పుకున్నాడు. నాకు డ్రైవింగ్ నేర్పే ప్రయత్నం తను రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ ఇంటికి మాటల్లేకుండా తిరిగొచ్చాం. ఆవిడ పక్కన కూర్చుంటే అలా కాలేదు. నేను తప్పు చేసినప్పుడల్లా "మళ్ళీ చెయ్యి" అనేది, అంతకంటే ఏమీ అనేది కాదు. ఆగస్టుకల్లా లైసెన్స్ వచ్చింది.

మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఆవిడకి కార్డ్స్ ఆంటీ అని పేరు పెట్టింది.

"అమ్మా, ఆ ప్లేయర్స్‌కి ఆంటీ ఎవరో తెలీదు కదా. మరి ఎందుకు పంపిస్తుంది? ఇట్స్ కైండా వియర్డ్," అంది ఒకరోజు.

"నీ బర్త్‌డేకి తెలియనివాళ్ళు కార్డు పంపితే వద్దంటావా?"

"ఐ గెస్ నాట్," అని హోంవర్క్ చేసుకుంది.

అలా రెండేళ్ళు గడిచాయి. జవాబులు రావటం తక్కువ. వచ్చినా ఒక పోస్ట్‌కార్డు, లేకపోతే సంతకం చేసిన ఫొటో. ఆవిడ వాటిని చూసి సొరుగులో పడేసేది. మూడో ఏడాది జూన్‌లో మాత్రం ఒక కవరు వచ్చింది. లోపల గీతల కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒక పేజీ. ఆవిడ అద్దాలు పెట్టుకుని చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది, నా వైపు తోసింది.

ఆ ఉత్తరంలో ఉన్నది ఇది. మీరు ఏటా జూన్‌లో కార్డు పంపే మనిషి ఈ ఫిబ్రవరిలో చనిపోయాడు. అతను నా తమ్ముడు. కానీ మీరు మూడో లైనులో రాసే పనులు చేసింది వాడు కాదు, నేను. కుర్రతనంలో నా తమ్ముడి పేరు మీద, వాడి పుట్టిన తారీఖు మీద నేను బేస్‌బాల్ ఆడాను. ఈ సంగతి మీకు ఎప్పుడో చెప్పాల్సింది. ఈ ఏడు కూడా కార్డు వచ్చింది, తీసుకోవటానికి వాడు లేడు. ఇకమీదట పంపకండి. ఇన్నేళ్ళూ పంపినందుకు మా ఇద్దరి తరఫునా కృతజ్ఞతలు.

ఆవిడ లేచి లోపలికెళ్ళి ఆటగాళ్ళ వివరాలుండే లావుపాటి పుస్తకాలు మూడు తెచ్చింది. మూడింట్లోనూ అదే పేరు, అదే తారీఖు. మూడు సీజన్లు ఆడిన పిచర్, అంటే బంతి విసిరేవాడు. పుస్తకాలు మూసి వాటి మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ముప్పై ఏళ్ళు తప్పు మనిషికి పంపాను," అంది.

"తెలియక కదా."

"రిజిస్టర్ రాసేవాళ్ళు ఆ మాట అనకూడదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. మా ఆయనకి అది పెద్ద విశేషంగా అనిపించలేదు.

"గిందులేముంది? మా మేనమామ బొగ్గుబాయిల ఇరవై ఎనిమిదేండ్లు ఇంకొకాయన పేరు మీదనే పని జేసిండు. డ్యూటీల అందరు ఆ పేరుతోనే పిలిచేటోళ్ళు. ఇంటికొస్తే అసలు పేరు. మా అత్తమ్మ ఒక్కోసారి ఆ పేరుతోనే కోప్పడేది."

"రియల్లీ? ఐడెంటిటీ థెఫ్ట్ కదా అది, నాన్నా?" అంది మా అమ్మాయి.

"థెఫ్ట్ ఏంది బేటా. ఆయననే అడిగి తీసుకున్నడు."

మర్నాడు పక్కింటావిడ మనసు కాస్త తేలికపడుతుందేమోనని ఈ సంగతి చెప్పాను. నా సంగతీ చెప్పాను. నన్ను బళ్ళో వేసినప్పుడు వయసు చాలకపోతే మా నాన్న ఏదో ఒక తారీఖు చెప్పాడు. బడి తెరిచిన రోజే నా పుట్టినరోజైంది. అదే టెన్త్ సర్టిఫికెట్‌లోకి, పాస్‌పోర్ట్‌లోకి, వీసాలోకి వచ్చింది. ఏటా ఆ రోజున బ్యాంకు, పళ్ళ డాక్టరు, కార్ల కంపెనీ నాకు శుభాకాంక్షలు పంపుతాయి. ఇంట్లో మాత్రం అమ్మ నాగుల చవితి మర్నాడు తలంటిపోసేది.

ఆవిడ మనసు తేలికపడలేదు సరికదా, పెన్సిల్ చేతిలోకి తీసుకుంది. "అయితే నువ్వు పుట్టిన అసలు తారీఖు ఏది?"

"తెలియదు. ఆ పండగ ప్రతి ఏడూ ఒకే తారీఖున రాదు."

"కనుక్కో," అంది.

ఒంగోలులో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను. "ఇన్నేళ్ళొచ్చాక నీకిప్పుడు పుట్టినరోజు గోలేంటే?" అని, తర్వాత తనే చెప్పింది. "పుట్టలో పాలు పోసి ఇంటికొచ్చాక అమ్మకి నొప్పులొచ్చాయి. తెల్లారేసరికి నువ్వు పుట్టావు. చిమ్మిలి ఉండలు అట్టాగే ఉండిపోతే నేనొక్కదాన్నే తిన్నాను. అది బాగా గుర్తు." మా అమ్మాయి ఫోన్‌లో ఆ ఏటి పంచాంగం వెతికి తారీఖు తేల్చింది. నలభై ఒకటో ఏట నాకు నా పుట్టినరోజు తెలిసింది. పక్కింటావిడ దాన్ని వంటింటి క్యాలెండర్ మీద రాసుకుంది. పెట్టెలో ఎందుకు పెట్టలేదని ఊరికే అడిగాను. "అది ఆటగాళ్ళ పెట్టె. నువ్వు ఆడలేదు కదా," అంది.

ఉత్తరం రాసిన పెద్దాయనకి జవాబు రాశాం. అసలు పేరు, అసలు తారీఖు చెప్పమని, వీలైతే ఆ రోజు వచ్చి కలుస్తామని. ఆయన పోస్ట్‌కార్డు మీద రెండే వాక్యాలు రాశాడు. తన పేరు, నవంబరులో ఒక తారీఖు చెప్పి, కావాలంటే రండి అన్నాడు. తనకి షుగరు, కేకు తేవద్దన్నాడు.

ఊరు మిసిసిపీ నది ఒడ్డున, మాకు రెండున్నర గంటల దూరం. అంత దూరం నేనెప్పుడూ నడపలేదు. బయల్దేరే ముందు మా ఆయన టైర్లలో గాలి చూసి, "స్నో పడితే ఎక్కడికక్కడ ఎనుకకు తిరుగు. హీరోయిజం జెయ్యకు," అన్నాడు. స్నో పడలేదు. దారికి రెండు వైపులా కోసేసిన మొక్కజొన్న చేలు, అప్పుడప్పుడు ఒక గాలిమర. ఆవిడ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. బ్యాగులో కార్డు ఉంది. ఇదొక్కటీ పోస్టులో వెయ్యకుండా చేతికిద్దామంది.

తలుపు తీసింది పెద్దాయన తమ్ముడి కూతురు. యాభై ఏళ్ళుంటాయి. తండ్రి పోయాక పెదనాన్న దగ్గరికి రోజూ వచ్చి వంట చేసి వెళుతోంది. పెద్దాయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎనభై అయిదు దాటి ఉంటాయి. బాగా పొడగరి, ఇప్పుడు కాస్త వంగాడు. చేతులు మాత్రం ఇంకా పెద్దవి. కాఫీ కప్పు ఆయన చేతిలో బొమ్మ కప్పులా ఉంది.

పక్కింటావిడ కార్డు ఇచ్చింది. ఆయన కవరు మీద పేరు చాలాసేపు చూశాడు.

"నా పేరు మీద వచ్చిన మొదటి కార్డు," అన్నాడు. తర్వాత విప్పి చదివి నా వైపు చూశాడు. "రాసేది నువ్వేనా? రెండేళ్ళ కింద అక్షరాలు మారాయి. మా తమ్ముడు వెంటనే కనిపెట్టాడు. ఆవిడకేదో అయింది, కనుక్కుందామా అన్నాడు. మనకి ఎందుకులే అన్నాను నేను. ఆ నెలంతా అదే మాట అన్నాడు."

పక్కింటావిడ వణికే చేతిని బల్ల కిందికి తీసుకుంది.

ఆయనే మొదలుపెట్టి జరిగింది చెప్పాడు. అప్పుడు ఆయనకి ఇరవై మూడేళ్ళు. ధాన్యం గిడ్డంగిలో పని. ఆదివారాలు ఊరి జట్టులో బంతి విసిరేవాడు. ఒక ఆదివారం ఆటగాళ్ళ కోసం వెతుకుతూ ఒకాయన వచ్చాడు. ఆట నచ్చింది. వయసెంత అని అడిగాడు. ఆ వయసుకి ఎదగటం అయిపోయింది, కుర్రవాళ్ళు కావాలి అని కారెక్కబోయాడు. ఆ పక్కనే నిలబడ్డ తమ్ముడు, "వాడు పొరపాటు చెప్పాడు, వాడికి ఇరవై ఒకటే," అని అడ్డం పడ్డాడు. కాగితం చూపించమంటే ఇంటికి పరుగెత్తి తన బర్త్ సర్టిఫికెట్ తెచ్చి అన్న చేతిలో పెట్టాడు.

"మరి తన పేరు మీరు వాడుకుంటే మీ తమ్ముడు ఎలా ఊరుకున్నాడు?" అని అడిగాను.

"ఊరుకోవటమేంటి? వాడికి బంతి పట్టుకోవటం రాదు. పేరైనా ఆడనీ అన్నాడు."

మూడు సీజన్లు ఆడాక భుజం పోయింది. ఇంటికొచ్చేశాడు. గిడ్డంగిలో మళ్ళీ పాత పని, పాత పేరు. ఎవరి పేరు వాళ్ళకొచ్చింది. తమ్ముడు స్కూలు బస్సు నడిపేవాడు. చిరునామాల పుస్తకంవాళ్ళు ఆ పేరు పట్టుకుని వెతికితే దొరికేది తమ్ముడి ఇల్లే. అలా కార్డులన్నీ అక్కడికి చేరాయి.

తమ్ముడి కూతురు మధ్యలో అందుకుంది. "నాన్న పొద్దున్నే పోస్ట్‌బాక్స్ దగ్గర నిలబడేవాడు. కార్డు రాగానే వీధి దాటి ఇక్కడికొచ్చేవాడు. మొదటి రెండు లైన్లూ నావి, మూడోది నీది, అని పెదనాన్నకి చదివి వినిపించేవాడు. తర్వాత దాన్ని మా ఫ్రిజ్ మీద అంటించేవాడు. మళ్ళీ ఏడు కొత్తది వచ్చేదాకా అక్కడే."

"పాతవి ఏం చేసేవాళ్ళు?" అంది పక్కింటావిడ.

"పారేసేవాడు," అందామె మొహమాటపడుతూ.

"మంచిది. కార్డులు దాచుకోవటానికి కాదు."

మూడో లైను గురించి కూడా ఆయన ఒక మాట చెప్పాడు. ఒక పెద్ద బ్యాట్స్‌మన్‌ని వరసగా మూడు బంతులూ బ్యాటుకి తగలనివ్వకుండా అవుట్ చేశాడని ఆవిడ ఏటా రాసేది. "అందులో మూడో బంతి నేను విసరాలనుకున్న చోట పడలేదు. చెమటకి చేతిలోంచి జారింది. అతను ఎందుకు బ్యాటు ఊపాడో ఇప్పటికీ తెలియదు. మీరు రాసినప్పుడల్లా మా తమ్ముడు, జారిన బంతికి ముప్పై కార్డులు అని నవ్వేవాడు."

అప్పుడు పక్కింటావిడ కూడా నవ్వింది. ఆ రోజు మొత్తంలో అదే మొదటిసారి. తర్వాత బ్యాగులోంచి పెన్సిలు, కొత్త చీటీ తీసి ఆయన అసలు పేరు అక్షరం అక్షరం మళ్ళీ అడిగి రాసుకుంది. ఊరికి వెళ్ళాక ఆ మూడు పుస్తకాలవాళ్ళకీ ఉత్తరాలు రాసి వివరాలు సరిచేయిస్తానంది.

ఆయన కప్పు కింద పెట్టాడు. "వద్దు," అన్నాడు.

"మీ పేరు రావాలి కదా. ఆడింది మీరు."

"ఆ పుస్తకం మా ఊరి లైబ్రరీలో ఉంది. వాడు వచ్చిన చుట్టాలందరికీ తీసుకెళ్ళి చూపించేవాడు. ఈవిడ పిల్లలకి కూడా చూపించాడు. నిజం వాళ్ళకీ చెప్పాడనుకోండి. అయినా పేరు చూపించటం మానలేదు. ఉండనివ్వండి."

ఆవిడ చీటీ, పెన్సిలు బ్యాగులో పెట్టుకుంది. తమ్ముడి కూతురు బంగాళాదుంపల సూప్ పెట్టింది. తిన్నాం. చీకటి పడకముందే బయల్దేరాం. దారిలో పెట్రోలు కోసం ఆగినప్పుడు ఆవిడ, "తప్పని తెలిసి తప్పుని అలాగే ఉంచటం ఎప్పుడూ చెయ్యలేదు," అంది.

ఏది సరైనదో నాకూ తెలియలేదు. ఆడినవాడి పేరు పుస్తకంలో ఉండాలన్నది న్యాయంగానే అనిపించింది. లైబ్రరీలో పేజీ తిప్పి చూపించే బస్సు డ్రైవరు కూడా కళ్ళ ముందు కనిపిస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత వారంలో ఆవిడ నాచేత పుస్తకాలవాళ్ళకి ఉత్తరం రాయించింది. కవరులో పెట్టి స్టాంపు అంటించి బల్ల చివర ఉంచింది. రోజూ వెళ్ళినప్పుడు అది అక్కడే ఉండేది. థ్యాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత వెళితే లేదు. పోస్టు చేశారా అని అడిగాను. స్టాంపు ఆవిరి పట్టి ఊడదీసి వేరే కార్డుకి వాడానంది. చెక్కపెట్టెలో మాత్రం రెండు చీటీలు ఉన్నాయి. జూన్ అరలో తమ్ముడిది, మూల మీద అడ్డగీతతో. నవంబరు అరలో పెద్దాయనది. ఏటా జూన్‌లో ఆ తమ్ముడి పేరు కూడా మిగతా పోయిన ఆటగాళ్ళ పేర్లతో పాటు పైకి చదివేది.

పెద్దాయనకి ఇప్పటికి ఇంకో రెండు నవంబర్లు కార్డు రాశాను. రెండోసారి ఆయన ఫోన్ చేసి, ఈసారి కొత్తగా రాసిన మూడో లైను కూడా పూర్తిగా నిజం కాదని ఆవిడతో అరగంట వాదించాడట. ఆవిడ ఆ సంగతి నాకు చాలా ఉత్సాహంగా చెప్పింది. ఆయన ఇప్పటికీ ఉన్నాడు.

ఈలోగా నాకు పని చేసుకునే పర్మిట్ వచ్చింది. ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. పొద్దున పూట ఖాళీ పోయింది. ఆదివారాలు కూర్చుని వారానికి సరిపడా కార్డులు ఒకేసారి రాసేదాన్ని. ఆ మరుసటేడు మా ఆయన ప్రాజెక్టు బెంటన్‌విల్‌కి మారింది. నేను ఉద్యోగం వదిలి, మా అమ్మాయి స్నేహితులని వదిలి, ముగ్గురం అర్కన్సాస్ వచ్చేశాం. వెళ్తున్నామని చెప్పినప్పుడు పక్కింటావిడ బాధ పడినట్టు కనిపించలేదు. అక్కడినుంచి ఏ రాష్ట్రానికి పోస్టు ఎన్ని రోజులు పడుతుందో కనుక్కోమంది.

ఇప్పుడు నెలకోసారి ఆవిడ దగ్గర్నుంచి ఒక లావుపాటి కవరు వస్తుంది. లోపల ఖాళీ కార్డులు, చిరునామాలు, మూడో లైన్లు. చిరునామాలు స్కూల్లో చదివే ఎవరో అమ్మాయి టైప్ చేసిపెడుతోందట. నేను రాసి ఇక్కడినుంచే పోస్టు చేస్తాను. అన్నీ ఆ రోజుకే అందుతాయని చెప్పలేను. ఒకట్రెండు ఆలస్యమవుతాయి. ఆవిడకి ఆ సంగతి చెప్పను. ఆవిడా అడగదు.

కిందటి జులైలో పక్క ఊళ్ళో ఉన్న చిన్న లీగు స్టేడియానికి ముగ్గురం వెళ్ళాం. మా ఆయన ఆఫీసులో టికెట్లు ఇచ్చారు. అన్నేళ్ళు ఆటగాళ్ళకి కార్డులు రాసినదాన్ని, స్టేడియంలో కూర్చుని ఆట చూడటం నాకు అదే మొదటిసారి. నాలుగో ఇన్నింగ్స్ అప్పుడు పెద్ద తెర మీద ఒక కుర్రాడి బొమ్మ వేసి, ఇవాళ ఇతని పుట్టినరోజు అన్నారు. జనం పాట పాడారు. ఆ పేరు నాకు తెలుసు. నాలుగు రోజుల కింద రాసిన కార్డే. పొట్టిగా ఉన్నాడు, గమ్ నములుతున్నాడు, తెర మీద తన బొమ్మ చూసుకోకుండా చేతి తొడుగు తాడు బిగించుకుంటున్నాడు. పాట అయ్యేసరికి బ్యాటు పట్టుకుని వెళ్ళి మామూలు బంతికి అవుటై వచ్చాడు.

మా అమ్మాయి నా భుజం తట్టింది. "అమ్మా, అతనికే కదా మొన్న నువ్వు కార్డ్ పంపావు? ఆట అయ్యాక అక్కడ ఆటోగ్రాఫ్స్ ఇస్తారు. వెళ్ళి చెప్పు."

"ఏమని చెప్పను?"

"నువ్వే రాశావని."

"పంపింది నేను కాదుగా," అన్నాను.

మా ఆయన అప్పటికి స్కోరు అర్థం చేసుకోవటం మానేసి, తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తీశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా కూర్చున్నాం. ఆ కుర్రాడు ఇంకో రెండుసార్లు బ్యాటు పట్టాడు. ఒకసారి అవుట్ కాకుండా మొదటి బేస్ చేరాడు, ఒకసారి లేదు. ఆట అయ్యాక పార్కింగ్ లాట్‌లోంచి బయటపడటానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇంటిదాకా నేనే డ్రైవ్ చేశాను.